పరీక్షకు ఆగకండి, జవాబుకు ఆగండి

రెండేళ్ళు దాటినా బాబు నోరు విప్పడం లేదని తల్లి దిగులుపడితే ఇంటిల్లిపాదీ ధైర్యం చెబుతారు. "వాళ్ళ నాన్నకీ మాటలు ఆలస్యంగానే వచ్చాయి, మగపిల్లలంతే" అంటుంది నాయనమ్మ. ఇంకొకరు వసకొమ్ము అరగదీసి నాకించమంటారు. మరొకరు నాలుక కింది పొర కోయిస్తే సరిపోతుందంటారు. అందరిదీ ప్రేమే. అయినా ఈ మాటలు నమ్ముకుని కూర్చోకండి. వసతో మాటలు వస్తాయనడానికి ఆధారం లేదు. నాలుక కింది పొర బిగుతుగా ఉంటే కొన్ని అక్షరాలు సరిగా పలక్కపోవచ్చు గానీ, అసలు మాటలే రాకపోవడానికి అది కారణం కాదు. ఆలస్యంగా మాట్లాడే పిల్లల్లో చాలామంది తమంతట తామే అందుకుంటారన్నది మాత్రం నిజం. కాకపోతే ఎవరు అందుకుంటారో, ఎవరికి సాయం కావాలో ఇంట్లో కూర్చుని తేల్చలేం. తేల్చగలిగినవాళ్ళు స్పీచ్ థెరపిస్టులు. వాళ్ళు చూసి "ఫరవాలేదు" అంటే నిశ్చింతగా ఇంటికి రావచ్చు.

ఎప్పుడు వెళ్ళాలి? ఏడాది నిండేసరికి పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడాలి. ఏడాదిన్నరకి కావలసినదాన్ని వేలితో చూపించాలి, కొన్ని మాటలైనా రావాలి. రెండేళ్ళకి "అమ్మ రా", "పాలు వద్దు" లాంటి జంట మాటలు వినపడాలి. మూడేళ్ళకి బయటివాళ్ళకి కూడా వాడి మాట చాలావరకు అర్థమవ్వాలి. ఇందులో ఏది లేకపోయినా వెళ్ళండి. వచ్చిన మాటలు పోతే మాత్రం ఏ వయసులోనైనా ఒక్క రోజు కూడా ఆగకండి.

మొదట చేయించాల్సింది వినికిడి పరీక్ష. "టీవీ పెడితే తిరిగి చూస్తున్నాడు కదా, చెవులు బాగానే ఉన్నాయి" అనుకుంటాం. కొన్ని శబ్దాలు వినపడి స, శ లాంటి సన్నని ధ్వనులు వినపడని పిల్లలుంటారు. తరచూ చెవి కారే పిల్లలకి ఒక వారం బాగా వినపడి, మరుసటి వారం మసకగా వినపడుతుంది. ఓఏఈ, బెరా అనే వినికిడి పరీక్షలకి నొప్పి ఉండదు, పాప నిద్రపోతుండగానే చేసేస్తారు. పుట్టిన నెలలోపు తొలి పరీక్ష, మూడు నెలల్లోపు లోపం నిర్ధారణ, ఆరు నెలల్లోపు సాయం మొదలు. ప్రపంచమంతటా నిపుణులు పెట్టుకున్న లెక్క ఇది. మేనరికాలు ఎక్కువగా ఉన్న మన ప్రాంతంలో పుట్టుకతో వచ్చే చెవుడు కూడా ఎక్కువే. అందుకే దగ్గరి బంధువుల్లో పెళ్ళి చేసుకున్న దంపతులు ఈ లెక్కని మరీ గట్టిగా పట్టించుకోవాలి. లోపం తేలాక చెవి మిషను పెట్టినా, కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్ చేయించినా వినపడేది శబ్దమే. ఆ శబ్దం మాటగా అర్థమవ్వాలంటే నెలల తరబడి థెరపీ ఉండాల్సిందే. ఆపరేషన్ అయిపోయిందని మధ్యలో మానేసిన కుటుంబాలని తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

ఎవరి దగ్గరికి వెళ్ళాలన్నది కూడా ముఖ్యమే. మన దేశంలో స్పీచ్ థెరపీ చేసేవాళ్ళు 1992 నాటి చట్టం ప్రకారం రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు కావాలి. మొహమాటపడకుండా ఆ నమోదు నంబరు అడగండి. మైసూరులో 1965లో మొదలైన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఈ రంగానికి పెద్దదిక్కు. మనకి దగ్గర్లో సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. 2013లో వచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలకీ సర్కారు బడులకీ వైద్య బృందాలు వస్తాయి. వాళ్ళు గుర్తించిన పిల్లలని జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతారు, అక్కడ డబ్బు కట్టనక్కర్లేదు. అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళయితే, మూడేళ్ళలోపు పిల్లలకి 'ఎర్లీ ఇంటర్వెన్షన్' కింద పరీక్ష ఉచితమన్న సంగతి గుర్తుంచుకోండి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. థెరపిస్టు దగ్గర బాబు గడిపేది వారానికి ఒకటి రెండు గంటలు. మిగతా కాలమంతా మీతోనే. కాబట్టి మంచి థెరపిస్టు బాబుకి ఎంత నేర్పుతారో మీకూ అంత నేర్పుతారు. కెనడాలోని టొరంటోలో ఉన్న హానెన్ కేంద్రం తల్లిదండ్రులకి నేర్పడాన్నే తన పనిగా పెట్టుకుంది. అక్కడ ముందుగా చెప్పేది గమనించమని, ఆగమని, వినమని.

ఆగడం మనకి చాలా కష్టం. బాబు అరటిపండు వైపు చూస్తాడు. వాడు నోరు తెరిచేలోపే ఒలిచి చేతిలో పెట్టేస్తాం. ఇక వాడికి మాటతో పనేముంది? పండు పట్టుకుని వాడి ముఖంలోకి చూస్తూ మనసులో పది లెక్కపెట్టండి. చెయ్యి చాపినా, "ఊఁ" అన్నా, "పం" అన్నా అది మాటే. వెంటనే "పండు! పండు కావాలా? ఇదిగో పండు" అని ఇచ్చేయండి. "పండు అను, అంటేనే ఇస్తా" అని బేరం పెట్టకండి.

రెండోది, ప్రశ్నలు తగ్గించండి. చుట్టాలు రాగానే "అంకుల్‌కి రైమ్ చెప్పు, ముక్కేదీ, చెవులేవీ" అని పిల్లలని నిలబెట్టి పరీక్ష పెడతాం. మాటలు తడుముకునే పిల్లలకి అది శిక్ష. అడిగే బదులు చెప్పండి. లాల పోసేటప్పుడు "నీళ్ళు వెచ్చగా ఉన్నాయి, ఇదిగో కాళ్ళ మీద పోస్తున్నా, అయ్యో సబ్బు జారిపోయింది" అంటూ చేస్తున్న పనిని మాటల్లో పెట్టండి. వాడు "కుక్క పోయి" అంటే తప్పని దిద్దకండి. "అవును, కుక్క వెళ్ళిపోయింది" అని సరైన రూపం వినిపిస్తే చాలు. బువ్వ తినిపించడానికి ఫోను ఇవ్వకండి. రెండేళ్ళు నిండేదాకా స్క్రీన్ అసలు వద్దనీ, తర్వాత ఐదేళ్ళ వరకు రోజుకి గంట మించొద్దనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. కారణం తేలికే. మనం ఆగినట్టు ఫోను ఆగదు, పాప అన్నదానికి బదులు చెప్పదు.

ఇంట్లో ఏ భాష మాట్లాడాలి? "రెండు భాషలతో తికమకపడుతున్నాడు, ఇంగ్లీషులోనే మాట్లాడండి" అని సలహా ఇచ్చేవాళ్ళు ఇంకా ఉన్నారు. రెండు భాషలు వినడం వల్ల మాట ఆలస్యం కాదు. తల్లి తనకి బాగా వచ్చిన భాష వదిలేసి, వచ్చీరాని ఇంగ్లీషులో నాలుగు పొడిమాటలతో సరిపెడితే పాపకి కథ, వేళాకోళం, బుజ్జగింపు అన్నీ తగ్గిపోతాయి. నిస్సంకోచంగా తెలుగులో మాట్లాడండి. ఆ పునాది మీద ఇంగ్లీషు నిలబడుతుంది.

బడికి వెళ్ళాక ఈ కథ వేరే రూపంలో కనిపిస్తుంది. మాట స్పష్టంగానే ఉంటుంది, అయినా పిల్లవాడు వెనకబడతాడు. ఐదూ మూడూ ఎనిమిదని టక్కున చెప్పేవాడు "రాము దగ్గర ఐదు గోలీలున్నాయి, సీత దగ్గర రాము కన్నా మూడు ఎక్కువ ఉన్నాయి" అనగానే బిక్కముఖం వేస్తాడు. వాడికి లెక్క వచ్చు, వాక్యమే పట్టుబడలేదు. 'కన్నా', 'ముందు', 'తప్ప', 'ఒకవేళ' అనే చిన్న మాటల దగ్గర అర్థం జారిపోతుంది. దీన్ని భాషా వికాస లోపం అంటారు. ఇంగ్లండులోని సర్రీ ప్రాంతపు బడుల్లో జరిపి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, వేరే ఏ స్పష్టమైన కారణమూ లేకుండా ఇలా ఇబ్బందిపడే పిల్లలు ముప్ఫైమంది తరగతిలో ఇద్దరుంటారని తేలింది. మన తరగతుల్లోనూ ఇలాంటి పిల్లలున్నారు. వాళ్ళని మనం 'మొద్దు' అనో 'మాట వినడు' అనో పిలుస్తున్నాం, ఆ పిలుపు వాళ్ళు నమ్మేస్తున్నారు. ఈ విషయంలో ఉపాధ్యాయుల మీద నాకు చాలా ఆశ ఉంది. పెద్ద ఆజ్ఞని రెండు ముక్కలుగా విరిచి చెప్పడం, జవాబుకి మరికొంత సమయం ఇవ్వడం, కొత్త మాటని బొమ్మతోనో వస్తువుతోనో పరిచయం చెయ్యడం ఖర్చులేని పనులు. చదవడం కూడా చెవితోనే మొదలవుతుంది. 'పలక'లో మొదటి చప్పుడు 'ప' అని విడదీసి వినగలిగిన పిల్లకి గుణింతాలు సులువు. అందుకే థెరపిస్టులు ప్రాస ఆటలు, అంత్యాక్షరి లాంటివి ఆడిస్తారు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో మాట, భాషా వైకల్యమూ, నిర్దిష్ట అభ్యసన వైకల్యమూ ఉన్నాయి. బడిలో సాయం అడగడానికి అది ఆధారం.

నత్తి గురించి కూడా చెప్పాలి. రెండు నుంచి ఐదేళ్ళ మధ్య చాలామంది పిల్లలు తడబడతారు, ఎక్కువమందికి అది పోతుంది. తడబాటు ఆరునెలలు దాటినా, ఇంట్లో ఇంకెవరికైనా నత్తి ఉన్నా, మాట్లాడడానికి బిడ్డ జంకుతున్నా థెరపిస్టుని కలవండి. "నిదానంగా చెప్పు" అనకండి, మాట మధ్యలో అందుకుని పూర్తి చేయకండి, ఎవరైనా వెక్కిరిస్తే అక్కడికక్కడే ఆపండి. మన సినిమాలు నత్తిని నవ్వులకి వాడుకుని ఎందరు పిల్లల నోళ్ళు మూయించాయో!

మొదటిసారి వెళ్ళేటప్పుడు బాబు ఇంట్లో ఆడుకుంటుండగా ఫోనులో తీసిన రెండు మూడు నిమిషాల వీడియో వెంట తీసుకెళ్ళండి, కొత్త చోట వాడు అసలు నోరు విప్పకపోవచ్చు. అనగలిగిన మాటలన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. థెరపీ గదిలో మీరూ కూర్చుంటామని అడగండి. బయటే ఉండమంటే ఎందుకో కనుక్కోండి. లేచే ముందు "ఈ వారం ఇంట్లో నేనేం చెయ్యాలి?" అని తప్పకుండా అడిగి రండి.