పచ్చ లైటు చూసి పడుకోకండి

ఆ పొద్దున ముంబైలోని మా చాల్ కింది అంతస్తులో దర్జీ గది తాళం పగిలి ఉంది. రాత్రి దాకా కుట్టి, మడతపెట్టి, తెల్లారి షాపుకి ఇవ్వాలని కట్టిపెట్టుకున్న బట్టల మూటలు లేవు. అందరం కమిటీ గదికి పరుగెత్తాం. నాలుగు కెమెరాలున్నాయి, రికార్డరుంది, దాని మీద పచ్చ లైటు వెలుగుతూనే ఉంది. తెరిచి చూస్తే ఆఖరి రికార్డింగు పంతొమ్మిది రోజుల కిందటిది. లోపల హార్డ్ డిస్కు పోయి అన్నాళ్లయింది. "లైటైతే వెలుగుతున్నది గదా అన్నా, మరి బొమ్మేది?" అని దర్జీ నా మొహంలోకి చూశాడు. కమిటీలో కెమెరాల పని నాది. నా దగ్గర జవాబు లేదు.

ఆ రికార్డరు కొన్నప్పుడు ధర అడిగాం, వారంటీ అడిగాం, ఎన్ని కెమెరాలు పడతాయో అడిగాం. దొంగతనం జరిగిన మర్నాడు దీన్నుంచి మాకేం కావాలి అని మాత్రం అడగలేదు. ఏ నిర్ణయం తీసుకునే ముందైనా అవసరం పడే రోజును కళ్ల ముందు నిలబెట్టుకోండి. అక్కణ్నుంచి వెనక్కి నడిచి రండి. ఏది కావాలో, ఏది అక్కర్లేదో దారిలోనే తేలిపోతుంది.

మన పెద్దలకు ఈ చూపుండేది. మేముండే ఫోరస్ రోడ్డునే చూడండి. బోర్డు మీద ఇప్పుడు ఆర్.ఎస్. నిమ్‌కర్ మార్గ్ అని ఉంటుంది, జనం నోట మాత్రం ఫోరసే. ఉప్పు పర్రలను సాగుకు తీసుకున్నవాళ్లు కట్టే పన్నుకు పోర్చుగీసుల నాటి పేరది. 1784లో హార్న్‌బీ వెల్లార్డ్ కట్ట పూర్తయి సముద్రపు పోటు ఆగింది. ఆ తర్వాత నైజాం ఇలాకా నుంచి వచ్చిన మన కామాఠీలు ఈ పల్లాల్లో గుడిసెలు వేసుకుని, ఈ నగరాన్ని కట్టే కూలిపనుల్లో చేరారు. కామాఠీపురా అన్న పేరు వాళ్ల వల్ల వచ్చిందే. మట్టిపని తెలిసిన మనిషి ముందు పల్లం ఎక్కడుందో చూస్తాడు, మెరక మీద తట్ట కుమ్మరించడు. డబ్బు ఖర్చుపెట్టడం కూడా అలాగే చేయాలి.

ఈసారి రికార్డరు వద్దనుకున్నాం. మామూలు కంప్యూటరులోనే రికార్డింగు సాఫ్ట్‌వేర్ వేసుకుంటే, ఏ భాగం పోతే ఆ భాగం మార్చుకోవచ్చు. కంపెనీలు కొన్నేళ్లు వాడి తీసేసిన ఆఫీసు డెస్క్‌టాప్‌లు, అంటే డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్, లెనోవో థింక్‌సెంటర్ లాంటివి మనకు నడిచిపోయేంత దూరంలో ల్యామింగ్టన్ రోడ్డులోనే దొరుకుతాయి. కానీ దుకాణం మెట్టెక్కే ముందు మేం ఒక సాయంత్రం కూర్చుని లెక్క వేశాం.

లెక్క కష్టమేం కాదు. ఒక్కో కెమెరా సెకనుకు 4 మెగాబిట్లు పంపితే రోజుకు 43 జీబీ అవుతుంది. నాలుగు కెమెరాలకు దాదాపు 173 జీబీ. 4 టీబీ డిస్కు 23 రోజుల్లో నిండుతుంది, ఆపైన పాతది చెరిపి కొత్తది రాసుకుంటుంది. మాకు 23 రోజులు చాలతాయా? బతుకమ్మకనో పెళ్లికనో ఇంటికి తాళం పెట్టి ఊరికి పోయే కుటుంబాలు మా చాల్‌లో ఎన్నో. నెల తర్వాత తిరిగొచ్చాకే తాళం పగిలిన సంగతి తెలుస్తుంది. అందుకని 30 రోజులకు తక్కువ కాకూడదనుకున్నాం. 6 టీబీ డిస్కైతే 34 రోజులు వస్తుంది. కెమెరాల్లో వీడియోను ఇంకా కుదించే హెచ్.265 పెట్టుకుంటే ఇంకా ఎక్కువ రోజులు నిలుస్తుంది. ఈ ఒక్క అంకె చేతిలో ఉండబట్టే దుకాణదారు మాటలకు మేం ఊగిపోలేదు.

అతను మొదట అరచేయంత చిన్న పెట్టె ముందు పెట్టి "ఐ7 హై, లే లో" అన్నాడు. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. కానీ అందులో పెద్ద సైజు హార్డ్ డిస్కు పట్టదు, ల్యాప్‌టాప్ సైజుదే పడుతుంది. సన్నటి డబ్బా రకంలో సాధారణంగా ఒక్క పెద్ద డిస్కుకే చోటుంటుంది. మేం టవర్ రకం అడిగాం. రేపు రెండో డిస్కు పెట్టుకోవాలన్నా చోటుంటుంది, గాలీ ఆడుతుంది. ప్రాసెసరు ఇంటెల్ ఎనిమిదో తరం ఐ5 చాలు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది, ఇంటెల్‌లో విండోస్ 11 జాబితా ఎనిమిదో తరం నుంచి మొదలవుతుంది. వీడియోను విప్పే పనిని ఇంటెల్ క్విక్ సింక్ తన మీద వేసుకుంటుంది కాబట్టి వేరే గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. మోడల్ నంబరు చివర ఎఫ్ ఉంటే మాత్రం ఆ సౌకర్యం ఉండదు, చూసుకోండి.

మా కుర్రాళ్లు గేమ్‌లాడే మిషను కొందామన్నారు. వాళ్ల ముందే ఇంకో లెక్క వేశాను. 40 వాట్లు తాగే మిషను రాత్రింబవళ్లు నడిస్తే నెలకు 29 యూనిట్లు. అంతకు మూడింతలు తాగేదాన్ని తెస్తే ఆ బెస్ట్ కరెంటు బిల్లు నెలనెలా చాల్ అంతా పంచుకోవాలి. ఇంకెవరూ మాట్లాడలేదు.

మాకు పల్లం డిస్కు దగ్గరుంది. పోయినసారి మునిగింది అక్కడే. పెట్టె పాతదైతే పర్వాలేదు, దాంతో వచ్చిన పాత డిస్కును మాత్రం నమ్మొద్దు. మిగిలిన డబ్బంతా అక్కడే పోశాం: విండోస్‌కు చిన్న ఎస్‌ఎస్‌డీ, రికార్డింగుకు కొత్త సర్వైలెన్స్ డిస్కు. ఆగకుండా రాయడం కోసమే తయారైన డబ్ల్యూడీ పర్పుల్, సీగేట్ స్కైహాక్ అలాంటివి.

డబ్బు చేతికిచ్చే ముందు ఇంకో పని చేశాను. బయోస్‌లో కరెంటు తిరిగొస్తే దానంతటదే ఆన్ అయ్యే సెట్టింగు పెట్టించి, దుకాణంలోనే ప్లగ్గు లాగేశాను. పది లెక్కపెట్టి మళ్లీ గుచ్చాను. బటన్ ఎవరూ ముట్టుకోలేదు. ఫ్యాను తిరిగింది, తెర వెలిగింది. అప్పుడిచ్చాను డబ్బు. వానాకాలం అర్ధరాత్రి కరెంటు పోయి వచ్చిందనుకోండి, బటన్ నొక్కడానికి ఎవరు లేస్తారు?

కెమెరాతో వచ్చిన పాస్‌వర్డును మొదటి రోజే మార్చండి. 2016లో మిరాయ్ అనే మాల్వేర్ అలా వదిలేసిన కెమెరాలనూ రికార్డర్లనూ లక్షల్లో పట్టుకుని, వాటితోనే పెద్ద పెద్ద వెబ్‌సైట్లను పడగొట్టింది. గడియారం ఇంటర్నెట్‌తో సరిపోయేలా పెట్టండి. రికార్డింగు కోర్టు దాకా వెళ్తే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి. రికార్డింగులో తేదీ, టైము తప్పుంటే చిక్కు.

కెమెరాలు బిగించే రోజున రెండో అంతస్తు అవ్వ నన్ను పిలిచింది. "నా గడప మీద కన్నెందుకు బిడ్డా?" అంది. తెరలో చూశాను. మెట్ల వైపు పెట్టిన కెమెరాలో ఆమె గది సగం కనిపిస్తోంది, మంచం, నీళ్ల బిందె, ఆరేసిన చీర. చాల్ అంటే తలుపులు తెరుచుకుని బతికే చోటు. పైగా మన గల్లీల్లో, ఒక ఆడమనిషి ఏ మెట్లెక్కిందో ఫోన్లలో తిరిగితే ఆమె బతుకే చితికిపోతుంది. కెమెరాను జానెడు పక్కకు జరిపించాను. ఆ తర్వాత ప్రతి తలుపూ తట్టి, తెర చూపించి, ఒప్పుకున్నాకే స్క్రూలు బిగించాం. రికార్డింగు తెరవాలంటే కమిటీలో ఇద్దరుండాలి, పుస్తకంలో రాయాలి. కొనడంలో వేసే లెక్కకన్నా ఈ లెక్కే ముఖ్యమని నేను గట్టిగా నమ్ముతాను. పొరుగువాళ్ల నమ్మకం పోగొట్టుకుంటే ఏ దుకాణంలోనూ మళ్లీ కొనుక్కోలేం.

ఇప్పుడు ప్రతి ఆదివారం టీ తాగాక కమిటీ గదిలో కూర్చుని, ఆ వారంలో ఏదో ఒక రాత్రి రెండు గంటలప్పటి రికార్డింగు ఒక్క నిమిషం ఆడించి చూస్తాను. మెట్లు, గేటు, నిద్రపోతున్న కుక్క. దర్జీ కూడా ఒక్కోసారి వచ్చి పక్కన కూర్చుంటాడు. మీ ఇంట్లో కెమెరా ఉంటే పడుకునే ముందు లేచి, నిన్న రాత్రి రెండు గంటలది తెరిచి చూడండి.