కారు దొంగల పాలైతే

కష్టార్జితంతో కొన్న కారు దొంగల పాలైతే ఇంటిల్లిపాదీ కలత చెందడం సహజమే. అయినా ఆ కలతలో బీమా కంపెనీ ఇస్తానన్న మొత్తానికల్లా సంతకం చేయకండి.

మీకు రావలసిన మొత్తానికి ఆధారం పాలసీ కాగితంలోనే ఉంటుంది. దానిని ఐ.డి.వి. అంటారు. అంటే కంపెనీ ధరలో తరుగుదల పోగా మిగిలిన విలువ. రెండేళ్లు దాటిన కారుకు తరుగుదల 30 శాతం, నాలుగేళ్లు దాటితే 50 శాతం. ఐదేళ్లు దాటితే ఆ విలువను మీరు, బీమా కంపెనీ మాట్లాడుకొని నిర్ణయించుకోవాలి. కనుక బేరమాడవలసింది పాలసీ తీసుకునేటప్పుడే. ప్రీమియం తగ్గుతుందని విలువ తగ్గించి వ్రాయించుకుంటే నష్టపోయేది మీరే.

కారు పోయిన వెంటనే పోలీసులకు ఫిర్యాదు చేసి ఎఫ్.ఐ.ఆర్. నకలు తీసుకోండి. కంపెనీకీ వ్రాతపూర్వకంగా తెలపండి. పోలీసులకు వెంటనే చెప్పినవారి క్లెయిమును, కంపెనీకి ఆలస్యంగా తెలిపారన్న ఒక్క కారణంతో తోసిపుచ్చరాదని సుప్రీంకోర్టు 2020లో తీర్పునిచ్చింది.

పాలసీలో వ్రాసిన కోత కాక ఇంకేమైనా తగ్గిస్తామంటే కారణం కాగితంపై అడగండి. మీ ఫిర్యాదును కంపెనీ తోసిపుచ్చినా, నెలలోగా బదులివ్వకపోయినా, మన రెండు తెలుగు రాష్ట్రాలవారు హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు వ్రాయవచ్చు. రుసుము లేదు, వకీలు అక్కరలేదు. అయితే ఏడాది దాటనివ్వకండి.