ముందు తేలడం, తర్వాత ఫొటో

పెళ్ళిళ్ళ సీజన్ అయ్యీ అవగానే అండమాన్ టికెట్లు కొనుక్కున్న కుర్రకారు నాకు ఫోన్లు చేస్తుంటారు. కాకినాడలో ఫొటో స్టూడియో నడుపుకుని బతికినవాణ్ణి. మా అమ్మాయి కాపురం పోర్ట్‌బ్లెయిర్‌లో కాబట్టి రాకపోకలు ఎక్కువ. ఈ రెండూ కలిసి నన్ను ఈ విషయంలో పెద్దమనిషిని చేసి కూర్చోబెట్టాయి. "బాబాయ్, నీళ్ళలో తియ్యడానికి ఏ కెమెరా కొనమంటారు?" అన్నది అందరూ అడిగే మొదటి ప్రశ్న. దానికి జవాబు ఆఖర్న చెబుతాను. అది ఆఖర్న అడగాల్సిన ప్రశ్న మరి.

ఊళ్ళ పేర్ల సంగతి ఒకటుంది. హేవ్‌లాక్ దీవిని 2018లో స్వరాజ్ ద్వీప్ అన్నారు, నీల్ దీవిని షహీద్ ద్వీప్ అన్నారు, 2024లో పోర్ట్‌బ్లెయిర్ శ్రీ విజయపురం అయింది. పడవల దగ్గర ఇంకా పాత పేర్లే వినిపిస్తాయి. నాకూ అవే నోటికొస్తాయి.

1. నీళ్ళ సంగతి నీళ్ళవాళ్ళనే అడగాలి.

మన శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్ళి స్థిరపడ్డ మత్స్యకార కుటుంబాలు పోర్ట్‌బ్లెయిర్‌లో చాలా ఉన్నాయి. "అన్నా, ఇవాళ నీళ్ళు తేటగా ఉన్నాయా? పోటు ఎప్పుడు?" అని అచ్చ తెలుగులో అడగొచ్చు. హోటల్ కౌంటర్‌లో కుర్రాడు చెప్పే దానికన్నా ఆ మాట మీద నాకు గురి ఎక్కువ. జనవరి నుంచి ఏప్రిల్ దాకా సముద్రం నెమ్మదిగా ఉంటుంది. నైరుతి రుతుపవనాలు వచ్చాక నీళ్ళలో మీ చెయ్యి మీకే సరిగా కనబడని రోజులుంటాయి.

ఆటుపోట్లు పట్టించుకోని వాళ్ళే ఎక్కువ ఇబ్బంది పడతారు. నీల్‌లో భరత్‌పూర్ బీచ్ ఉంది. ఆటు సమయంలో అక్కడ చాలా దూరం లోతే ఉండదు. ఆ లోతులో తేలితే కడుపు పగడాలకు రాసుకుంటుంది. మీకూ గాయం, వాటికీ గాయం. నీళ్ళు నిండుతున్నప్పుడు దిగాలి. పోటు వేళ రోజుకు ముప్పావు గంటకు పైగా ఆలస్యమవుతుంది కాబట్టి నిన్నటి టైము ఇవాళ పనికిరాదు.

ఇంకో మాట, భయపెట్టడానికి కాదు. అండమాన్ ఉప్పునీళ్ళలో మొసళ్ళు ఉన్నాయి. 2010లో హేవ్‌లాక్‌లో, రాధానగర్ బీచ్ పక్కనే మాస్క్, గొట్టం పెట్టుకుని తేలుతూ స్నార్కెలింగ్ చేస్తున్న ఒక అమెరికన్ యువతి మొసలికి బలైంది. మడ అడవి పక్కన, వాగు వచ్చి కలిసే చోట నీళ్ళు ఎంత తేటగా ఉన్నా దిగకండి. బోర్డు ఉంటే బోర్డు మాట వినండి. బోర్డు లేకపోతే మనిషిని అడగండి.

2. మాస్క్ సొంతదై ఉండాలి.

అద్దె మాస్క్ ఎవరి ముఖానికో సరిపోతుంది. కొనేటప్పుడు పట్టీ తగిలించుకోకుండా మాస్క్‌ను ముఖానికి ఆనించి ముక్కుతో గాలి పీల్చండి. చెయ్యి వదిలినా అది అతుక్కుని నిలబడితే మీది. జారితే ఎంత ఖరీదైనదైనా మీది కాదు. మీసాలున్న మగవాళ్ళకు పై పెదవి దగ్గర నీళ్ళు కారుతూనే ఉంటాయి. ముక్కు కింద సన్నటి గీత మేర గీసేసుకుంటే చాలావరకు తగ్గుతుంది. ఫొటో కోసం ప్రయాణం, మీసం కోసం పంతం రెండూ కుదరవు. అద్దం మసకబారకుండా లోపల ఉమ్ము రాసి కడగడం పాత పద్ధతి, ఇప్పటికీ బాగా పనిచేస్తుంది. రోత అనిపిస్తే ఒక చుక్క బేబీ షాంపూ.

3. మొదటి పూట కెమెరా ఒడ్డునే ఉండాలి.

ఇది ఎవరూ వినరు. అయినా చెబుతాను. నోటితో గాలి పీల్చడం, గొట్టంలోకి నీళ్ళొస్తే గట్టిగా ఊది పంపేయడం, ఫిన్స్ తొడిగిన కాళ్ళను మోకాళ్ళ దగ్గర కాక తుంటి దగ్గర నుంచి ఆడించడం, ఇవన్నీ ఆలోచించకుండా జరిగేదాకా చేతిలో ఏమీ ఉండకూడదు. మీ ఊరి స్విమ్మింగ్ పూల్‌లో నాలుగు రోజులు సాధన చేసి వెళితే ఆ పూట కూడా మిగులుతుంది. ఈత రానివాళ్ళు లైఫ్ జాకెట్‌తో తేలడంలో తప్పేమీ లేదు. జాకెట్ ఉన్నవాడు పగడాల మీద కాళ్ళు పెట్టడు, నా లెక్కలో అది పెద్ద సుగుణం.

4. నీళ్ళు ముందుగా ఎరుపును మింగేస్తాయి.

స్టూడియోలో లైటు నేను పెట్టిన చోట ఉండేది. సముద్రంలో లైటు ఒక్కటే, అది పైనుంచే వస్తుంది, దారిలో రంగులు పోగొట్టుకుంటూ వస్తుంది. అయిదారు మీటర్ల నీళ్ళు దాటేసరికి ఎరుపు చాలావరకు పోతుంది. తర్వాత నారింజ, ఆ తర్వాత పసుపు. మిగిలేది నీలం, ఆకుపచ్చ. అందుకే మనవాళ్ళు తెచ్చి చూపించే ఫొటోలన్నీ నీలం మందు కలిపిన నీళ్ళలో తీసినట్టుంటాయి.

చాలామంది ఇక్కడ లోతును మాత్రమే లెక్కవేస్తారు. చేప నుంచి లెన్స్ దాకా ఉన్న నీళ్ళు కూడా రంగును తింటాయి. రెండు మీటర్ల లోతున ఉన్న చేపను మూడు మీటర్ల దూరం నుంచి తీస్తే, వెలుగు మొత్తం అయిదు మీటర్ల నీళ్ళు దాటి మీ కెమెరాలో పడుతుంది. అదే చేపను అర మీటరు నుంచి తీస్తే రెండున్నర మీటర్లే. ఎరుపు బతుకుతుంది. పైగా నీళ్ళలో మన కన్ను మోసపోతుంది. వస్తువులు ఉన్న దూరంలో ముప్పాతిక వంతులోనే ఉన్నట్టు, మూడింట ఒక వంతు పెద్దగా ఉన్నట్టు కనిపిస్తాయి. మూడు మీటర్లే కదా అని మీరు నొక్కినప్పుడు మధ్యలో నాలుగు మీటర్ల నీళ్ళున్నాయి. నీళ్ళ కింద తీసే ఫొటో బాగుపడాలంటే మధ్యలో నీళ్ళు తగ్గాలి. దీన్ని మించిన రహస్యం ఏ కెమెరా కంపెనీ దగ్గరా లేదు.

పైపైన తేలేవాళ్ళకు ఒక అదృష్టం ఉంది. లోతుకు వెళ్ళే డైవర్లు లైట్లు మోసుకెళ్ళి తెచ్చుకోవాల్సిన రంగులు మనకు ఎండలోనే దొరుకుతాయి. కాకపోతే వేళ తెలియాలి. అండమాన్ మనకు తూర్పున ఎంతో దూరంలో ఉన్నా గడియారం మాత్రం మనదే. అక్కడ సూర్యుడు నడినెత్తికి వచ్చేది సుమారు 11 గంటల 20 నిమిషాలకే. తొమ్మిదింటి నుంచి పన్నెండు దాకా వెలుగు నిట్టనిలువుగా లోపలికి దిగుతుంది. మూడు దాటాక ఏటవాలు వెలుగులో కొంత భాగం నీటిమీదే తళుక్కుమని తిరిగి వెళ్ళిపోతుంది. భోంచేసి, కునుకు తీసి, సాయంత్రం తీరిగ్గా వెళదామనుకునేవాళ్ళకు అండమాన్‌లో చీకటే మిగులుతుంది.

కెమెరా మీదున్న ఫ్లాష్ ఆపేయండి. నీళ్ళలో తేలే నలుసులన్నీ దాని వెలుగుకు తెల్లటి చుక్కలై ఫొటో నిండా మంచు కురిసినట్టు పడతాయి. 1926లో ఫ్లోరిడా దగ్గరి డ్రై టార్టుగాస్‌లో చార్లెస్ మార్టిన్, విలియం లాంగ్లీ నీళ్ళ కింద తొలి రంగుల ఫొటోలు తీసినప్పుడు వెలుగు చాలక తెప్ప మీద మెగ్నీషియం పొడి పేల్చారు. అవి మరుసటి ఏడాది జనవరి నేషనల్ జియోగ్రఫిక్‌లో అచ్చయ్యాయి. మీరు నడినెత్తి ఎండను వాడుకుంటే చాలు, ఏమీ పేల్చక్కర్లేదు.

5. దగ్గరికి వెళ్ళాలి, వెంటపడకూడదు.

స్టూడియోకి తెచ్చిన చంటిపిల్లల వెంట కెమెరా పట్టుకుని తిరిగితే ఏడుపే వచ్చేది. నేల మీద కూర్చుని వేరే పని చూసుకుంటున్నట్టు ఉంటే వాళ్ళే పాకుతూ వచ్చి లెన్స్‌లోకి చూసేవాళ్ళు. చేపలూ అంతే. తరిమితే తోక ఫొటో దొరుకుతుంది. ఒక పగడపు దిబ్బ పక్కన, కింద ఇసుక ఉన్న చోట తేలుతూ కాళ్ళు ఆపేసి నెమ్మదిగా ఊపిరి వదులుతూ ఉండండి. కాసేపటికి అవి మిమ్మల్ని పట్టించుకోవడం మానేస్తాయి. ఇక తీసుకోండి.

అలవాట్లు తెలిస్తే ఎక్కడ కాచుకోవాలో తెలుస్తుంది. క్లౌన్‌ఫిష్ తను ఉండే ఎనిమోన్‌ను (పువ్వులా కనిపించే సముద్రజీవిని) వదిలి దూరం పోదు. లోపలికి దూరి మళ్ళీ పైకొచ్చి మీమీదికే ఎదురొస్తుంది. ఆ ఎదురొచ్చే క్షణమే ఫొటో. గుంపులో అన్నిటికన్నా పెద్దది ఆడది. అది పోతే, తర్వాతి పెద్ద మగది ఆడదిగా మారుతుంది. పారట్‌ఫిష్‌ను కంటితో కన్నా ముందు చెవితో పట్టుకోవచ్చు. చిలక ముక్కులాంటి నోటితో పగడపు రాయిని కొరుకుతుంటే కరకర నీళ్ళలో బాగా వినిపిస్తుంది. అది మింగి విసర్జించేది మెత్తటి తెల్ల ఇసుక. మీరు చెప్పులు విడిచి మురిసిపోయే ఆ బీచ్ ఇసుకలో దాని వాటా చాలానే ఉంటుంది. పెద్ద చేప ఏదైనా నోరు తెరుచుకుని కదలకుండా నిలబడితే అక్కడ క్లీనర్ రాస్ అనే చిన్న చేప దాని పళ్ళూ మొప్పలూ శుభ్రం చేస్తోందన్నమాట. అలాంటి చోటు దొరికితే వేరే చోటుకు పోవద్దు.

దూరంగా ఉండాల్సినవీ ఉన్నాయి. గుడ్లు కాస్తున్న టైటాన్ ట్రిగ్గర్‌ఫిష్ మనిషిని కరుస్తుంది. దాని హద్దు గూటి నుంచి పైకి గరాటులా విచ్చుకుంటుంది కాబట్టి పైకి పారిపోయినా దాని హద్దులోనే ఉంటారు. పక్కకు ఈదాలి. స్టోన్‌ఫిష్ అచ్చం రాయిలా ఉంటుంది, వీపు మీద విషపు ముళ్ళు. అడుగు పెట్టకుండా తేలేవాడికి దానితో పేచీ లేదు. ముల్లు దిగితే, ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో కాలు పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

కొందరు గైడ్లు చేపల్ని రప్పించడానికి రొట్టె, బిస్కెట్లు చల్లుతారు. వద్దని చెప్పండి. మర్యాదగా చెబితే వింటారు.

6. పైనుంచి కిందికి తీస్తే అన్నీ పటాల్లా ఉంటాయి.

చేప కంటికి సమానంగా లెన్స్ ఉంటే దానికి ముఖం వస్తుంది. ఒక మీటరు కిందికి మునగగలిగినా తేడా తెలుస్తుంది. జాకెట్ వేసుకున్నవాళ్ళు చెయ్యి బాగా కిందికి చాచి, కెమెరాను అడ్డంగా, వీలైతే కాస్త పైకి చూసేలా పట్టుకోండి. స్క్రీన్ చూడకుండా వరసగా తీసి ఒడ్డున ఏరుకోవాలి.

7. ఊపిరి బిగబట్టే పందేలు వద్దు.

మునిగేముందు గబగబా లోతైన శ్వాసలు తీసుకుంటే ఎక్కువసేపు ఉండొచ్చని కుర్రాళ్ళు అనుకుంటారు. దానివల్ల ప్రాణవాయువు పెరగదు, ఊపిరి తీసుకోమని ఒంటికి వచ్చే హెచ్చరిక మాత్రం ఆలస్యమవుతుంది. ఆ లోపలే స్పృహ తప్పుతుంది. ఈతలో ఆరితేరినవాళ్ళు కూడా ఇలా పోయారు. ఒంటరిగా అసలు మునగొద్దు.

8. ఫోన్‌కు ఉప్పునీళ్ళు పడవు.

ఐపీ 68 అని పెట్టె మీద రాసి ఉన్నంత మాత్రాన సముద్రంలో ముంచమని కాదు. ఆ పరీక్ష మంచినీళ్ళలో చేస్తారు. నీళ్ళు దూరి పాడైతే చాలా కంపెనీలు వారంటీ ఇవ్వవు. నీళ్ళు చొరని పౌచ్ వాడేట్టయితే ఫోన్ బదులు లోపల టిష్యూ కాగితం పెట్టి బకెట్‌లో అరగంట ముంచి చూడండి. కాగితం పొడిగా ఉంటేనే ఫోన్ పెట్టాలి. నీళ్ళ కింద స్క్రీన్ వేలి మాట వినదు కాబట్టి వాల్యూమ్ బటన్‌తో నొక్కడం ముందే అలవాటు చేసుకోవాలి.

కెమెరాకు హౌసింగ్ (నీళ్ళు చొరని పెట్టె) ఉంటే ఏసీ గదిలో మూయండి. అక్కడ గాలి పొడిగా ఉంటుంది, లోపల ఆవిరి పట్టదు. రబ్బరు రింగు మీద ఒక్క వెంట్రుక ఉన్నా నీళ్ళు దూరతాయి. తిరిగొచ్చాక మంచినీళ్ళ బకెట్‌లో అరగంట నానబెట్టి, బటన్లన్నీ నొక్కి ఉప్పు వదిలించాలి. మణికట్టు పట్టీకి తేలే బిళ్ళ ఒకటి కట్టండి.

హేవ్‌లాక్‌లోని ఎలిఫెంట్ బీచ్‌లో గైడ్లే రింగు పట్టుకుని లాక్కెళుతూ వాళ్ళ కెమెరాతో ఫొటోలు తీస్తారు. అవి ఒడ్డు వదలకముందే మీ ఫోన్‌లోకి ఎక్కించుకోండి. తర్వాత పంపిస్తామన్నవి రావు.

9. పగడం రాయి కాదు.

అది ప్రాణి. దాని ఒంట్లో ఉండే సూక్ష్మ శైవలాలే దానికి తిండీ రంగూ ఇస్తాయి. నీళ్ళు మరీ వేడెక్కితే ఆ శైవలాలు వెళ్ళిపోయి పగడం తెల్లబడుతుంది. 2010లో అండమాన్‌లో పెద్దఎత్తున అదే జరిగింది. ధగధగలాడే తెల్ల పగడం ఫొటోలో అందంగా పడుతుంది, కానీ మీరు తీసింది ఆకలితో మాడుతున్న ప్రాణిని. బండలాంటి పగడాలు ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతాయి. మనిషెత్తు బండ కనిపిస్తే దాని వయసు నూరేళ్ళకు పైమాటే. ఫిన్ తగిలి విరిగిన ముక్కకు ఎవరు జవాబుదారీ?

సన్‌స్క్రీన్ బదులు పొడుగు చేతుల ఈత చొక్కా వేసుకోండి. పగడాలకు హాని అని ఆక్సీబెంజోన్ ఉన్న సన్‌స్క్రీన్ల అమ్మకాన్ని హవాయి 2021 నుంచి ఆపేసింది. పోర్ట్‌బ్లెయిర్ దగ్గరి వండూరు నుంచి పడవలో వెళ్ళే జాలీబాయ్ దీవి 1983లో ఏర్పడ్డ మహాత్మాగాంధీ మెరైన్ నేషనల్ పార్కులోది. అక్కడికి ప్లాస్టిక్ తీసుకెళ్ళనివ్వరు. జాలీబాయ్ తెరిచినప్పుడు రెడ్‌స్కిన్ దీవిని మూస్తారు, అది తెరిస్తే ఇది మూస్తారు, పగడాలకు విశ్రాంతి దొరకాలని. ఒడ్డున పడి ఉన్న చచ్చిన పగడం ముక్క కూడా ఏరుకోకూడదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. విమానాశ్రయంలో పెట్టెలు తనిఖీ చేసి తీసేసుకుంటారు.

10. ఇక కెమెరా సంగతి.

గోప్రోలాంటి యాక్షన్ కెమెరా హౌసింగ్ లేకుండానే పది మీటర్ల దాకా తట్టుకుంటుంది, వీడియోకు బాగుంటుంది. చేపల కళ్ళూ ఎనిమోన్ చేతులూ దగ్గరగా కావాలంటే ఒలింపస్ టీజీ-6 వంటిది మేలు, అది పదిహేను మీటర్ల దాకా తట్టుకుంటుంది. స్నార్కెలింగ్‌కు ఇవి ఎక్కువే తప్ప తక్కువ కాదు. పెద్ద కెమెరాలు, గోపురం అద్దాలు, రెండు చేతుల లైట్లు పైపైన తేలేవాడికి బరువే.

డబ్బు పెట్టాల్సిన వరస నన్నడిగితే, ముందు ఈత ఫీజు, తర్వాత మాస్క్, తర్వాత ఈత చొక్కా, కెమెరా ఆ తర్వాత. ఈ ఏడాది ఒక్కదానికే డబ్బు సరిపోయేట్టుంటే ఈత నేర్చుకోండి. కెమెరా వచ్చే ఏడాది కొనుక్కోవచ్చు.