చిన్న కుక్కపిల్లకు ఇంట్లోనే శిక్షణ

పామరేనియన్, పగ్ వంటి చిన్న జాతి కుక్కపిల్లలను ఇప్పుడు చాలా ఇళ్ళలో పెంచుకుంటున్నారు. చేతిలో ఇమిడే పిల్ల కదా, దీనికి నేర్పేదేముంది అనుకుంటారు. వేలు నోట్లో పెట్టి ఆడిస్తారు, కొరికితే నవ్వుతారు. అల్సేషియన్ పిల్ల అదే పని చేస్తే ఊరుకుంటారా? మా ఇంజెక్షన్ గదికి వీధికుక్క కరిచినవారే కాదు, ఇంట్లోని పిల్ల పన్ను దిగినవారూ వస్తారు. వారిలో పసివాళ్ళే ఎక్కువ. కాబట్టి దానికి షేక్‌హ్యాండ్ తర్వాత నేర్పవచ్చు, ముందు కరవకుండా ఉండడం నేర్పండి.

పాలపళ్ళు ఊడి కొత్త పళ్ళు వచ్చే నాలుగు నుండి ఆరు నెలల వయసులో అది దొరికినదల్లా కొరుకుతుంది. మీ చేతిని ఆటవస్తువు చేయకండి. కొరికిందా, ఆట ఆపి, మాట్లాడకుండా ముఖం తిప్పుకోండి. చేయి విదిలించి కేకలు వేస్తే అదీ ఆటే అనుకుంటుంది. కాసేపాగి గుడ్డ ముడివేసి ఇవ్వండి. ఇంటిల్లిపాదీ ఇలాగే చేయాలి. నాన్నగారు వద్దన్నది తాతగారు చేయనిస్తే అది ఎన్నటికీ నేర్చుకోదు. కొట్టవద్దు, బెదిరిన కుక్క కరుస్తుంది. అది తింటున్నప్పుడు, నిద్రపోతున్నప్పుడు పిల్లలను దగ్గరకు పోనివ్వకండి.

నిద్ర లేవగానే, తిన్న వెంటనే ఒకే చోటికి తీసుకువెళ్ళండి. అక్కడ మూత్రం పోస్తే అప్పుడే మెచ్చుకోండి. ఇంట్లో పోస్తే ముక్కు పట్టి రాయడం వల్ల ప్రయోజనం లేదు, తుడిచేయండి. దాని మలంలో నులిపురుగుల గుడ్లు ఉండవచ్చు, అవి మట్టిలో చేరి పిల్లల నోటికి వెళ్తాయి. మలాన్ని ఆ రోజే తీసేసి, సబ్బుతో చేతులు కడుక్కోండి. పశువైద్యుని అడిగి నులిపురుగుల మందు వేయించండి.

శిక్షణ ఎంత ఇచ్చినా టీకా తప్పదు. మూడు నెలల వయసులో రేబీస్ టీకా, తర్వాత వైద్యుడు చెప్పినట్లు బూస్టర్లు వేయించండి. రేబీస్ లక్షణాలు కనిపించాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం. ముందే ఇంజెక్షన్లు వేయించుకుంటే ఆ జబ్బు రాకుండా ఆపవచ్చు.

పన్ను గీసుకున్నా సరే, ధారగా పడే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి. పసుపు, కారం, సున్నం, కాఫీపొడి పెట్టవద్దు, కట్టు కట్టవద్దు. అదే రోజు ఆసుపత్రికి రండి. రక్తం వచ్చిన గాయమైతే గాయంలోనే మరో మందు కూడా వేయవలసి ఉంటుంది. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లని భయపడి ఇప్పటికీ కొందరు ఆగిపోతారు. ఆ పాత పద్ధతి పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు చేతికే వేస్తారు. మొదటి రోజు వేశాక 3, 7, 28వ రోజుల్లో రావాలి, కండకు వేసే పద్ధతిలో 14వ రోజు కూడా. రెండు వేయించుకుని మానేయకండి. వచ్చేటప్పుడు మీ కుక్క టీకా కార్డు తీసుకురండి.