డబ్బు చేరే గడప నుంచి మొదలుపెట్టు

హనుమాన్ జంక్షన్

చిరంజీవి అమ్మాయికి,


ఉద్యోగం ఇచ్చేముందు కంపెనీవాళ్లు నీకో పరీక్ష పెట్టారనీ, విదేశం నుంచి ఫోన్‌లోనే ఇంటికి డబ్బు పంపే సదుపాయాన్ని డిజైన్ చేసి చూపమన్నారనీ రాశావు. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలని అడిగావు. నా మాట ఒక్కటే తల్లీ: పంపేవాళ్ల ఫోన్ దగ్గర కాదు, డబ్బు అందుకునే ఇంటి గడప దగ్గర మొదలుపెట్టు. ఎంత వస్తుంది, ఎప్పుడొస్తుంది, ఇప్పుడెక్కడ ఉంది అన్నవి పంపేవాళ్లకు తెలిసినంతగా అందుకునేవాళ్లకూ తెలియాలి. ఈ సదుపాయంలో అసలు పని అదే. రంగులూ బటన్లూ ఆ తరవాత.

2016లో వచ్చిన యూపీఐ మనకో అలవాటు నేర్పింది. మన జంక్షన్‌లో కొబ్బరిబోండాల బండి దగ్గరా, ఎరువుల కొట్లోనూ స్కాన్ చేసిన క్షణంలో డబ్బు పడిపోతుంది. అందుకే విదేశీ చెల్లింపు అంటే అదే తెరకు ఇంకో కరెన్సీ గడి చేర్చడమే అనిపిస్తుంది. కానీ సరిహద్దు దాటే సొమ్ము రెండు దేశాల బ్యాంకులు, రెండు చట్టాలు, రెండు సెలవుల పట్టికలు దాటి రావాలి. అమెరికాలో ఖాతా నుంచి డబ్బు తీసే ఏసీహెచ్ పద్ధతి శని, ఆదివారాల్లో సెటిల్ కాదు. కువైట్‌లో వారాంతం శుక్ర, శనివారాలు, ఇక్కడ ఆదివారం. సొమ్ము దారిలో క్షేమంగానే ఉంటుంది. ఆ సంగతి చెప్పేవాళ్లు లేకపోతే మాత్రం, సోమవారం కాలేజీ ఫీజు కట్టాల్సిన తల్లికి ఆ మూడు రోజులూ నిద్ర పట్టదు. అందుకని ఆ ఎదురుచూపునే డిజైన్ చెయ్యి. పంపారు, అక్కడి బ్యాంకు దాటింది, ఇక్కడి బ్యాంకుకు వచ్చింది, ఖాతాలో పడింది: ఈ నాలుగు మాటలూ తెలుగులో ఆమెకు చేరాలి. ఆమె ఫోన్‌లో మీ యాప్ ఉండకపోవచ్చు కాబట్టి మామూలు ఎస్సెమ్మెస్‌గానైనా చేరాలి.

ఖర్చు విషయంలోనూ ఇదే న్యాయం. 200 డాలర్లు పంపడానికి ప్రపంచ సగటు ఖర్చు 6 శాతం పైనే ఉందని ప్రపంచ బ్యాంకు లెక్క. 2030 నాటికి దాన్ని 3 శాతం లోపుకు దించాలని ఐక్యరాజ్యసమితి లక్ష్యం. ఆ ఖర్చంతా ఫీజు పేరుతో కనిపించదు, మారకం రేటులో దాగుతుంది. డాలరుకు ఒక్క రూపాయి తక్కువ కట్టినా 500 డాలర్లకు 500 రూపాయలు పోయినట్టే, పైన 'ఫీజు లేదు' అని రాసి ఉన్నా సరే. కాబట్టి పెద్ద అక్షరాల్లో ఉండాల్సింది ఒక్కటే, ఇంటికి చేరే రూపాయలు. అన్నీ ముందే చెబితే ఖాతాదారు జారిపోతాడని కొందరు వాదిస్తారు. దాచినా బ్యాంకు పాస్‌బుక్కులో అసలు అంకె పడనే పడుతుంది కదా! నెలనెలా పంపేవాళ్లు ఒక్కసారి మోసపోయామనుకుంటే మళ్లీ ఆ గుమ్మం తొక్కరు.

చట్టాలు డిజైనర్ పని కాదని నీ స్నేహితులు అంటున్నారట. మన యూపీఐకీ, సింగపూర్ చెల్లింపుల పద్ధతి పేనౌకీ మధ్య 2023 ఫిబ్రవరి 21న మొదలైన అనుసంధానం చూడు. రోజుకు 60,000 రూపాయల పరిమితి పెట్టారు. వివరాలన్నీ నింపేశాక పరిమితి దాటిందని చెప్పడం, ముందే చెప్పడం ఒకటేనా? చట్టం అక్కడే తెర మీదికొచ్చేసింది. అలాగని యూపీఐ దారి అన్ని దేశాలకూ ఉందనుకోకు. 2023 జనవరిలో ప్రవాస భారతీయుల ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ ఖాతాలకు పది దేశాల మొబైల్ నంబర్లతో యూపీఐ అనుమతించినప్పుడు అమెరికా, యూఏఈ ఆ జాబితాలో ఉన్నాయి. గోదావరి జిల్లాల ఆడవాళ్లు ఎందరో ఇళ్లలో పనికి వెళ్లే కువైట్ లేదు. 2023-24లో దేశానికి వచ్చిన ప్రవాసుల సొమ్ములో అమెరికా వాటా సుమారు 28 శాతం, యూఏఈది 19 శాతం అని రిజర్వు బ్యాంకు సర్వే చెప్పింది. డాలస్‌లో ఇంజినీరు, కువైట్‌లో ఇంటిపని చేసే మనిషి ఒకేలా పంపరు. ఎవరికోసం గీస్తున్నావో ముందు తేల్చుకో.

పరీక్షకు ఉన్నది కొద్ది రోజులే, కంపెనీవాళ్లు చూసేది అందమైన తెరలే అంటావేమో. వ్యవధి తక్కువ కాబట్టే ఒక్క మనిషిని, ఒక్క దారిని ఎంచుకోమంటున్నాను. పరీక్ష పెట్టినవాళ్లు చూసేది నీ ఆలోచన నడిచిన తీరు. అన్నీ సవ్యంగా సాగే తెరలు అందరూ గీస్తారు. నువ్వు చిక్కుపడ్డ తెర కూడా గియ్యి. మన పేర్లే తీసుకో. ఒక కాగితంలో ఇంటిపేరు పొడి అక్షరంగా, ఇంకోదాంట్లో పూర్తిగా ఉంటుంది. పేరు కలవలేదని సొమ్ము ఆగితే ఎవరికి, ఏ మాటల్లో చెబుతావు? పంపేముందే ఖాతాదారు పేరు చూపించి ఆ చిక్కును ఎలా తప్పిస్తావు? ఏది వదిలేశావో, ఎందుకు వదిలేశావో కూడా ఒక పేజీ రాసి జతచెయ్యి.

నీ డిజైన్ వాళ్లకు పంపేముందు ఒక్క పని చెయ్యి. విదేశం నుంచి డబ్బు అందుకునే ఒక అమ్మకు ఆ తెర చూపించు. ఎంత, ఎప్పుడు, ఎక్కడ అన్నవి నిన్ను అడక్కుండా ఆమే చెప్పగలిగితే, నీ పని పూర్తయినట్టు. తడబడితే ఆ తప్పు ఆమెది కాదు, నీ తెరదని గుర్తుపెట్టుకుని మళ్లీ గియ్యి.

ఇట్లు,
నీ పెదనాన్న