వేరు బడి – మార్కుల మాట

మన సభల్లో ఒక మాట తరచుగా వింటుంటాం. బాలబాలికలు వేర్వేరుగా చదివితే మార్కులు పెరుగుతాయని శాస్త్రం కూడా రుజువు చేసిందట. హయా కోసం వేరు బడిని కోరుకోవడం ఒక విషయం. దానికి మార్కుల సాక్ష్యం అక్కరలేదు. కాని మార్కుల గురించి సాక్ష్యం చెప్పేటప్పుడు అది నిజమై ఉండాలి. ఏదైనా వార్త వస్తే విచారించి తెలుసుకోవాలని ఖుర్ఆన్ (49 : 6) మనల్ని ఆదేశిస్తోంది కదా!

2014లో పాల్కే, హైడ్, అలిసన్ అనే పరిశోధకులు 21 దేశాలకు చెందిన 184 అధ్యయనాలను, అంటే దాదాపు 16 లక్షల మంది విద్యార్థుల వివరాలను ఒకచోట చేర్చి పరిశీలించారు. పైపైన చూసిన అధ్యయనాల్లో వేరు బడులదే కొంత పైచేయి. కాని కుటుంబ స్థోమతనూ, చేరేనాటికే పిల్లల్లో ఉన్న తేడాలనూ లెక్కలోకి తీసుకుంటే ఆ ఆధిక్యం దాదాపు మాయమైంది. చాలాచోట్ల స్థోమత, శ్రద్ధ ఉన్న కుటుంబాలే ఇలాంటి బడులను ఎంచుకుంటాయి. ఏరి చల్లిన విత్తనాలు బాగా మొలిస్తే ఆ ఘనత మడిదా, విత్తనాలదా?

మరి ఎంచుకునే వీలే లేకపోతే? దక్షిణ కొరియాలోని సియోల్‌లో 1974లో హైస్కూలు సీట్లను లాటరీతో కేటాయించే పద్ధతి మొదలై దశాబ్దాలపాటు సాగింది. ఒకే ప్రాంతపు పిల్లల్లో కొందరికి వేరు బడి, కొందరికి కలిసి చదివే బడి వచ్చేవి. ఆ పిల్లలపై పార్క్, బెర్మన్, చోయ్ చేసిన అధ్యయనం 2013లో వెలువడింది. వేరు బడుల్లో చదివిన బాలురు, బాలికలు ఇరువురూ కాలేజీ ప్రవేశ పరీక్షలో కొంత ముందున్నారు. నాలుగేళ్ళ కాలేజీల్లో చేరినవారూ వారిలోనే ఎక్కువ. అయితే సైన్సు, గణిత రంగాల్లో బాలురకు కనిపించినంత లాభం బాలికలకు కనిపించలేదని వారే తర్వాత తెలిపారు.

కనుక మేలు లేదనలేం, అద్భుతమూ అనలేం. మనల్ని కలవరపరిచేది వేరొకటి. ఆడపిల్లల బడి దగ్గర్లో లేదని కొందరు ఏడో తరగతితోనే కూతురి చదువు మాన్పిస్తారు. ఇంట్లో కూర్చున్న ఆ అమ్మాయికి సియోల్ లెక్కలతో పనేమిటి? పురుషులే మీ దగ్గర ఎక్కువగా నేర్చుకుంటున్నారు, మాకూ ఒక రోజు కేటాయించండని స్త్రీలు కోరితే దైవప్రవక్త (సఅసం) వారికి ఒక రోజు నిర్ణయించారని బుఖారీ హదీసు తెలుపుతోంది. ఆ ఏర్పాటు వారి విద్యను పెంచింది, ఆపలేదు.

కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు 2004 నుంచి ఉన్నాయి. తెలంగాణలో 2016లో మైనారిటీ గురుకులాలు వచ్చాయి. వాటిలో బాలురకు, బాలికలకు వేర్వేరు బడులు, ఉచిత వసతి. దరఖాస్తుకు ముందు ఒకసారి వెళ్ళి చూద్దాం. గణితం, సైన్సు చెప్పేవారున్నారా, ఇంటర్ వరకూ ఉందా అని అడుగుదాం. అక్కడా సీటు దొరక్కపోతే ఊరి హైస్కూలు ఉంది. మహల్లాలోని నలుగురైదుగురు అమ్మాయిలను కలిపి, తెలిసిన ఆటోవాలాతో నెలకింతని మాట్లాడడం మసీదు కమిటీకి పెద్ద పనేమీ కాదు.