వేయించిన చేప రోగికి పెట్టవచ్చా?

గుండె జబ్బుకు చికిత్స పొంది ఇంటికి వెళ్లే రోజున రోగి బంధువులు తరచుగా అడిగే ప్రశ్న ఇది. మంజీర పరీవాహకంలో, చెరువుల మధ్య ఉన్న మన మెదక్ ప్రాంతంలో చేపలకు కొదువ లేదు. మృగశిర కార్తె వచ్చిందంటే చేప వండని ఇల్లు అరుదు. అటువంటప్పుడు ఇంట్లో అందరూ వేపుడు తింటూ ఒక్కరికి మాత్రం చప్పిడి కూడు పెడితే, ఆ ఒక్కరు పథ్యాన్ని ఎన్నాళ్లు పాటిస్తారు?

దోషం చేపది కాదు

చేపలో మంచి మాంసకృత్తులు ఉన్నాయి. వారానికి రెండుసార్లు చేప తినమని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ సూచిస్తుంది. అయితే నూనెలో వేయించని చేపనే తినమంటుంది. బాణలిలో ముక్క వేగేటప్పుడు అందులోని నీరు ఆవిరై పోతుంది, ఆ ఖాళీలోకి నూనె చేరుతుంది. ఒక గ్రాము నూనె 9 క్యాలరీలు ఇస్తుంది. పైగా మిగిలిన నూనెను మళ్లీ మళ్లీ కాచడం వలన అది చెడిపోతుంది. నల్లబడి, చిక్కబడి, నురగ వచ్చే నూనెను పారబోయాలి.

ఎయిర్ ఫ్రయ్యర్ ఎలా పని చేస్తుంది?

ఇది 2010 తరువాత ఇళ్లలోకి వచ్చిన విద్యుత్ పరికరం. లోపలి ఫ్యాను వేడి గాలిని ముక్కల చుట్టూ వేగంగా తిప్పుతుంది. పైతడి ఆరి, పొర కరకరలాడుతుంది. కాబట్టి ముక్కలు తడిగా ఉంటే అవి వేగవు, ఉడుకుతాయి.

చేసే విధానం (నలుగురికి)

1. రవ్వ, బొచ్చె లేదా కొర్రమీను అర కిలో తీసుకోండి. మొప్పలు ఎర్రగా, కండ గట్టిగా ఉండాలి. కడిగి, శుభ్రమైన గుడ్డతో తడి అద్దండి.
2. పసుపు, కారం, అల్లం వెల్లుల్లి ముద్ద, నిమ్మరసం, అర టీ స్పూను ఉప్పు, రెండు టీ స్పూన్ల బియ్యప్పిండి పట్టించి అరగంట ఉంచండి. బజ్జీల పిండిలా జారుగా కలపకండి, అది కిందికి కారిపోతుంది.
3. రెండు టీ స్పూన్ల నూనె పైపైన రాయండి. దీనితో నలుగురికి కలిపి వచ్చేది సుమారు 90 క్యాలరీలే.
4. ముక్కలను ఒకదానిపై ఒకటి పేర్చకుండా 180 డిగ్రీల వద్ద 12 నుండి 15 నిమిషాలు ఉంచండి. సగంలో తిప్పండి. లోపలి కండ తెల్లబడి, పొరలుగా సులువుగా విడిపోతే ఉడికినట్లు. రొయ్యలకు 8 నిమిషాలు సరిపోతాయి.

ఆ పరికరం లేనివారు

చింతించకండి. ఇదే చేపను పెనం మీద అదే రెండు టీ స్పూన్ల నూనెతో, సన్నని మంటపై, మూత పెట్టి రెండు వైపులా కాల్చండి. చివరి రెండు నిమిషాలు మూత తీస్తే పైపొర గట్టిపడుతుంది. మేలు చేసేది నూనె తగ్గడమే, యంత్రం కాదు.

మరువకూడనివి

- ఉప్పు: నూనె తగ్గినంత మాత్రాన ఉప్పు తగ్గదు. రోజు మొత్తానికి 5 గ్రాములు, అంటే ఒక టీ స్పూను మించరాదు. రక్తపోటు, గుండె జబ్బు ఉన్నవారికి ఎండుచేపలు, పక్కన పచ్చడి వద్దు.
- మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు ఎంత చేప తినవచ్చో వైద్యుని అడిగి తెలుసుకోవాలి.
- రొయ్యలు తిన్నప్పుడు దద్దుర్లు, ఆయాసం వచ్చినవారికి ఏ విధంగా వండినా పెట్టరాదు.
- వృద్ధులకు, పిల్లలకు ముళ్లు తీసి ఇవ్వండి.

రోగికి వేరే వంట, మనకు వేరే వంట అనుకోకండి. ఈ చేపనే ఇంటిల్లిపాదీ తినండి. ఒకే కంచం తిండి అయినప్పుడు పథ్యం శిక్షగా తోచదు. ఇంట్లో మిగిలినవారి గుండెకూ అదే రక్ష.